ముద్దుకి ముందు ప్రశ్న

"మొన్న పొద్దుణ్ణించీ ఏం తిన్నావో చెప్పు."

లాకప్‌లో కూర్చున్నవాణ్ణి ఎవర్నైనా ఇలా అడిగితే మొహం చిట్లిస్తాడు. ఈ కుర్రాడు మాత్రం ఎక్కం అప్పజెప్పినట్టు మొదలెట్టాడు.

"పొద్దున ఉడకబెట్టిన గుడ్లు మేడమ్. బ్రెడ్డు, అదీ తను చూసి ఒప్పుకున్న రకమే. మధ్యాహ్నం అన్నం, పెరుగు. నేనే వండుకున్నా. సాయంత్రం అరటిపండు. టీ తాగలేదు, బయట గ్లాసులు ఎలా కడుగుతారో తెలీదు కదా. బయల్దేరేముందు రెండుసార్లు పళ్లు తోముకున్నా."

"ఇదంతా ఆ అమ్మాయికి చెప్పావా?"

"రోజూ చెప్తా. గుమ్మంలోనే నిలబెట్టి 'ఏం తిన్నావ్?' అని అడుగుతుంది. అంతా చెప్పాకే దగ్గరికి రానిస్తుంది. చెప్పాకే..." ఆగిపోయాడు. "బాగున్నావా అని అడిగినట్టే మేడమ్ మాకది. ఏడాదిగా ఒక్కరోజు కూడా అబద్ధం చెప్పలేదు."

వీడు లిఫ్ట్ మెకానిక్. ఆ అమ్మాయి చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది. ఆమెకి పల్లీలు పడవు. పడవంటే దద్దుర్లొచ్చి తగ్గే రకం కాదు. గోరంత తగిలినా గొంతు మూసుకుపోతుంది. మొన్న సాయంత్రం వీడు ఆమె ఫ్లాట్‌కి వెళ్లాడు. ఆమె అడిగింది, వీడు చెప్పాడు, ఆమె మెడ చుట్టూ చేతులేసి ముద్దుపెట్టుకుంది. చూస్తూండగానే పెదాలు వాచాయి, ఊపిరి అందలేదు. ఆమె బ్యాగులో ఎప్పుడూ ఉండే ఇంజెక్షన్ పెన్ను తీసి, ఆమె నేర్పినట్టే తొడలో పొడిచాడు. ఏమీ కాలేదు. పక్కింటివాళ్లు అంబులెన్స్ పిలవబట్టి బతికింది.

వినడానికే నా ఒళ్లు జలదరించింది. నా సంగతి ముందే చెప్పేస్తా. డిటెక్టివ్ అంటే గుండె ధైర్యం కొండంత ఉంటుందనుకుంటారు. నాకు పిరికితనం పాలు ఎక్కువ. మూసిన తలుపంటే భయం, మోగని ఫోనంటే భయం. భయం వల్లే ప్రతిదీ పదిసార్లు జల్లించి చూస్తాను. అందుకే స్టేషన్‌లో అందరూ నన్ను జల్లెడమ్మ అంటారు.

ఈ పని నాకు అప్పజెప్పింది మెకానిక్ వాళ్లక్క. ఓ ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. ఇవాళ పొద్దున తమ్ముడి చిన్నప్పటి ఫోటో పట్టుకుని నా ఇంటికొచ్చి, అది నా చేతిలో పెట్టి గొల్లుమంది. ఆ ఫోటో మధ్యకి చిరిగితే వెనక కాగితం ముక్క పెట్టి, అన్నం మెతుకులతో అతికించుకుంది. అంత ప్రేమ.

"ఈ పిల్ల పరిచయమయ్యాక వేరే గది తీసుకున్నాడండీ," అంది ముక్కు తుడుచుకుంటూ. "మా క్యాంటీన్‌లో పల్లీలు వాడతాం కదా, నా చేతులకీ బట్టలకీ ఉంటాయట. ఏడాదయింది వాడు నా చేతి ముద్ద తిని. పోనీలెండి, ఆ పిల్ల మంచిదే. ఓసారి మా ఇంటికొచ్చి నాకూ నేర్పింది. వదినా, నాకేమన్నా అయితే నీలం మూత లాగి ఇలా పొడవాలి అని. ప్రాక్టీసు పెన్ను కూడా ఇచ్చి వెళ్లింది. దానికి సూది ఉండదు, మందుండదు. ఎన్నిసార్లు నొక్కినా టక్ మంటుంది, అంతే."

పెన్సిల్ తీసుకుని తన తొడమీదే పొడిచి చూపించింది. తమ్ముణ్ణి బయటికి తేలేమా అని ఒకటే పోరు. నాకు విసుగొచ్చి నోరు జారాను. "ఆ ఇన్‌స్పెక్టర్ సంగతి మీకు తెలీదమ్మా. మీవాడు లోపలుండగానే ఆ పిల్లకి మళ్లీ ఇలా అయితే తప్ప, వాడు చెయ్యలేదంటే నమ్మడు" అన్నాను.

ఆవిడ ఏడుపు ఆపింది. కాసేపు నేలకేసి చూసింది. తర్వాత, ఆ పిల్లని ఇవాళ ఆస్పత్రి నుంచి పంపేస్తున్నారట, దగ్గర ఎవరూ లేరు, నేను వెళ్లి ఇంట్లో దింపనా అని అడిగింది. వెళ్లండి, పుణ్యముంటుంది అన్నాను.

ఇప్పుడు లాకప్ ముందు నిలబడ్డాను. వెనక నుంచి బూట్ల చప్పుడు.

"జల్లెడమ్మ గారు వేంచేశారే!" ఇన్‌స్పెక్టర్. మీసం కింద నవ్వు. "ఏం జల్లించారు? పొట్టా, గింజా?"

"మీరేం చెరిగారో చెప్పండి ముందు."

"ఇందులో చెరగడానికేముంది? పల్లీలు తిన్నాడు, వెళ్లి ముద్దిచ్చాడు, ఉత్తుత్తి ఇంజెక్షన్ నాటకం ఆడాడు. చేతికి రక్తం అంటకుండా హత్య. తెలివైనవాడు."

"ఎందుకు చంపాలి?"

"ముద్దుకి ముందు రోజూ మెనూ చదవాలంటే నేనైనా చంపేస్తానమ్మా."

లాకప్‌లో కుర్రాడు తల దించుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ల్యాబ్ రిపోర్టు తియ్యండి" అన్నాను.

విసిరినట్టు చేతికిచ్చాడు. చదివాను. పల్లీ జాడలు కుర్రాడి ఎడమ చెవి మీద, చెంప మీద, కాలర్ మీద ఉన్నాయి. నోట్లో లేవు.

"నోట్లో లేవేం?"

"పళ్లు తోముకున్నాడుగా, వాడే చెప్పాడు."

"సరే. అయితే పల్లీలు చెవితో తిన్నాడా?"

బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ కిసుక్కుమని, గబుక్కున దగ్గు కింద మార్చుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు లాక్కుని మళ్లీ చూసుకున్నాడు. ఇంతకుముందు చూడలేదని మొహమే చెప్పింది.

నేను ఊచల దగ్గరికి వెళ్లాను. "నాయనా, పళ్లు తోముకున్నాక నీ మొహం ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్. గదిలో నేనొక్కణ్ణే. బంతి తప్ప."

"బంతి ఎవరు?"

"నా కుక్క. బూట్లు తొడుక్కోడానికి కూర్చుంటే చాలు, భుజాలెక్కి చెవి నాకుతుంది. రోజూ అంతే."

"వాసన తెలీలేదా?"

"జలుబు మేడమ్. తనకేమో ఈత కొలను మందు వాసనకి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది."

"అమ్మాయి అడిగినప్పుడు బంతి సంగతి చెప్పావా?"

కుర్రాడి మొహం పాలిపోయింది. "నేనేం తిన్నానో అడిగింది మేడమ్. కుక్క ఏం తిందో అడగలేదు. నాకూ తట్టలేదు." రెండు చేతులతో తల పట్టుకుని ముందుకి వంగిపోయాడు. ఏడాదిపాటు అన్ని తలుపులూ గడియ పెట్టుకున్నారు, ఈ ఒక్క కిటికీ మర్చిపోయారు. ఇద్దరూ మర్చిపోయారు.

"బంతికి తిండెవరు పెడతారు?"

"నేను డ్యూటీలో ఉంటే అక్క వచ్చి పెడుతుంది. ఇంకో తాళంచెవి తన దగ్గరే. పాపం, అన్నం తప్ప ఏమీ పెట్టదు. తనకి అన్నీ తెలుసు."

---

గది చూస్తానంటే ఇన్‌స్పెక్టర్ తనూ వస్తానని జీపెక్కాడు. నేనేదో సాక్ష్యం జేబులో వేసుకుంటానని ఆయన అనుమానం. దారంతా ఉడుక్కుంటూనే ఉన్నాడు.

తాళం బాగానే ఉంది, ఎవరూ పగలగొట్టలేదు. కిటికీకి ఊచలున్నాయి. లోపల మంచం, పనిముట్ల పెట్టె, ఒక స్టవ్. గిన్నెలు తోమే పీచు రెండు: ఒకటి తనకి, ఇంకొకటి ఆ అమ్మాయి వస్తే వాడే గిన్నెలకి, గోడకి విడిగా వేలాడుతోంది. ఇలాంటి కుర్రాడు చంపుతాడా?

బంతి గోధుమరంగు పిల్లకుక్క. మమ్మల్ని చూసి మంచం కిందికి దూరింది. దాని వెనకే నేనూ మోకాళ్ల మీద వంగాను. కాళ్ల మధ్య ఏదో పెట్టుకుని నాకుతోంది. చెయ్యి చాపితే గుర్రుమంది. ఇన్‌స్పెక్టర్ తన జేబులోంచి బిస్కెట్ తీసి అటు విసిరాక వదిలింది. ఆయన జేబులో బిస్కెట్లుంటాయని అప్పుడే తెలిసింది.

అది రబ్బరు బొమ్మ. మధ్యలో గుల్ల. గుల్లలోకి నొక్కి నొక్కి కుక్కిన గోధుమరంగు ముద్ద అడుగున ఇంకా మిగిలే ఉంది. వాసన చూశాను. పల్లీ ముద్ద.

పల్లీ గింజ గడప దాటని గదిలో ఇది దానంతటది నడిచొచ్చిందా?

ఇన్‌స్పెక్టర్ వేళ్లు చిటికేశాడు. "తేలిపోయింది. అక్కగారు క్యాంటీన్ నుంచి తెచ్చి కుక్కకి పెట్టింది. తెలీక చేసిన పని. కుక్క వాణ్ణి నాకింది, ఆ పిల్ల వాణ్ణి ముద్దుపెట్టుకుంది. హత్యా లేదు, గాడిదగుడ్డూ లేదు." అక్కడికక్కడే స్టేషన్‌కి ఫోన్ చేసి, మెకానిక్‌ని వదిలెయ్యమని, కుక్క వల్ల జరిగిందని వాడికి చెప్పమని పురమాయించాడు. "ఓడిపోయాను జల్లెడమ్మా. మీ క్లయింట్ తమ్ముడు ఇంటికెళ్తాడు. ఇక సంతోషమేనా?"

సంతోషపడాలి. కానీ "తనకి అన్నీ తెలుసు" అన్న కుర్రాడి మాట చెవిలోనే ఉంది.

"మరి ఇంజెక్షన్ ఎందుకు పనిచెయ్యలేదు?"

"మందు పాతదై ఉంటుంది. వదిలెయ్యండి."

"వదలను. పెన్నేది?"

గొణుక్కుంటూ జీపులోంచి ప్లాస్టిక్ కవర్ తెప్పించాడు. చేతికి తొడుగు వేసుకుని పెన్ను బయటికి తీశాను. మందు పేరు, తేదీ ఉన్న లేబుల్ అంటించి ఉంది. తేదీ ఇంకా దాటలేదు. కొసన చూశాను. పొడిచిన పెన్నుకి సూది బయటికొచ్చి ఉండాలి. దీనికి సూదే కాదు, సూది రావడానికి చిల్లు కూడా లేదు. నీలం మూత పెట్టి గట్టిగా నొక్కాను. టక్ మంది. మళ్లీ మూత లాగాను.

మాటలతో చెబితే ఈయన వినే రకం కాదు. తిప్పి ఇన్‌స్పెక్టర్ తొడమీద ఒక్క పోటు పొడిచాను.

"చచ్చాన్రోయ్!" అని ఎగిరి మంచం మీద పడ్డాడు. బంతి మొరిగింది. "నీకేమన్నా పిచ్చా? సాక్ష్యంతో పోలీసుని పొడుస్తావా?"

"నొప్పి పుట్టిందా?"

తొడ తడుముకున్నాడు. ప్యాంటు చూసుకున్నాడు. "...లేదు."

"మొన్న ఆ పిల్లకీ అంతే. ఇది ప్రాక్టీసు పెన్ను. కుర్రాడు పాపం ప్రాణం పెట్టి పొడిచాడు, ఉత్త ప్లాస్టిక్‌తో."

ఇన్‌స్పెక్టర్ మంచం మీద నుంచి లేవలేదు. "లేబుల్ ఉందిగా?"

లేబుల్ అంచు గోటితో లేపాను. ఒక మూల తేలిగ్గా ఊడొచ్చింది. అసలు పెన్ను మీది లేబుల్ జాగ్రత్తగా పీకి దీనికి అంటించారు. పాత జిగురు పోయింది కాబట్టి కొత్తగా ఏదో రాశారు. తెల్లగా, ఎండి గట్టిపడి, చిన్న చిన్న పలుకులు.

బ్యాగ్‌లోంచి ఆ ఫోటో తీశాను. వెనక్కి తిప్పి పెన్ను పక్కన పెట్టాను. అవే పలుకులు. అన్నం మెతుకులు.

"లోకంలో మెతుకుతో అతికించేది ఆవిడొక్కతేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మాత్రం మునుపటి బింకం లేదు.

"ప్రాక్టీసు పెన్ను ఒక్కటే ఉందండీ. అది ఎవరి దగ్గరుందో పొద్దున ఆవిడే నాకు చెప్పింది. ఆ పిల్ల మళ్లీ కలిసినప్పుడు బ్యాగులో మార్చేసి ఉంటుంది. తమ్ముడి మీదికి వస్తుందనుకోలేదు ఆవిడ. కుక్క వల్ల పోయిందిలే అనుకుంటారు, తమ్ముడు ఏడ్చి ఏడ్చి తన దగ్గరికే వస్తాడు అనుకుంది. మీరు వాణ్ణి లోపలేశారు. ఇప్పుడు వాణ్ణి బయటికి తేవాలంటే..."

నా మాట నాకే అడ్డుపడింది. వాడు లోపలుండగానే ఆ పిల్లకి మళ్లీ ఇలా అయితే తప్ప. నేనే చెప్పాను. నా నోటితో నేనే దారి చూపించి, పుణ్యముంటుంది వెళ్లమని సాగనంపాను.

ఫోన్ తీసి, పొద్దున ఆస్పత్రికి చేసి మాట్లాడిన అమ్మాయి నంబరే మళ్లీ నొక్కాను. మోగింది. మోగింది. ఎత్తింది.

"ఆంటీ! ఇప్పుడే ఇంటికొచ్చాను. తనని చూశారా? భోంచేశాడా?"

"అమ్మా, నువ్వు ఏం తింటున్నావ్?"

నవ్వింది. "మీకూ మా జబ్బు అంటుకుందా? వదిన క్యాంటీన్‌కి సెలవు పెట్టి, స్నానం చేసి మరీ వండి తెచ్చారు ఆంటీ. అడిగాను, ఏమేం వేశారో అన్నీ చెప్పారు. పైగా నా భయం చూసి, ముందు తనే రెండు ముద్దలు తిని చూపించారు."

పక్కనుంచి వింటున్న ఇన్‌స్పెక్టర్ హమ్మయ్య అన్నాడు. "ఆవిడే తిందిగా."

"ఆవిడ తింటే ఆవిడకేమవుతుందయ్యా!" అని అరిచాను. "అమ్మా, ముట్టుకోకు, విను, ముట్టుకోకు."

"ఒక్క ముద్దే తిన్నా ఆంటీ." కాస్త ఆగింది. గొంతు మారింది. "ఆంటీ... నాలుక దురదగా..."

ఫోన్ కిందపడిన చప్పుడు.

---

ఫ్లాట్ రెండు వీధుల అవతలే. జీపులో వెళ్లామో, పరిగెత్తామో నాకు గుర్తులేదు. ఇన్‌స్పెక్టర్ అంబులెన్స్‌కి అరుస్తూండడం, నా గుండె చెవుల్లో కొట్టుకోవడం గుర్తున్నాయి. తలుపు గడియ పెట్టి ఉంది. ఆయన భుజంతో రెండుసార్లు గుద్దితే ఊడింది.

అమ్మాయి గోడకి జారగిలబడి నేలమీద ఉంది. కళ్లు ఉబ్బి సగం మూసుకుపోయాయి. ఊపిరి లోపలికి వెళ్తుంటే ఈలలాగా సన్నటి చప్పుడు. అక్క మూల నిలబడి ఉంది, చేతిలో కంచంతో. కదలడంలేదు.

"ఇంకో పెన్ను ఎక్కడుందమ్మా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ముక్కలు ముక్కలుగా చెప్పింది: ఒకటి ఈత కొలను దగ్గర బీరువాలో. డాక్టరు కొత్తవి రాసిచ్చాడు, కొనుక్కొస్తానంది వదినే.

అప్పుడు ఆ పిల్ల చేసిన పని చూస్తే నా ప్రాణం విలవిల్లాడింది. నా వైపు కాదు, వదిన వైపు చెయ్యి చాపింది. ఇక మాట రావడంలేదు. గుప్పిట బిగించి తన తొడమీద పొడిచినట్టు చూపించింది. నీకు నేర్పాను కదా వదినా, రా, పొడు అని. ఆవిడ తప్ప తనకి దిక్కులేదనుకుంటోంది.

అక్క చేతిలో కంచం జారింది. మెతుకులు నేలంతా చిమ్మాయి.

"అసలు పెన్నేది?" ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాను. "దీని బ్యాగులోంచి తీసిన పెన్ను, ఏం చేశావ్?"

"పారెయ్యలేకపోయాను." గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. సంచిలో చెయ్యి పెట్టి తీసింది. లేబుల్ ఒలిచేసిన బోడి పెన్ను.

అందుకోబోయాను. ఇన్‌స్పెక్టర్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగండి! ఆవిడ ఇచ్చింది పొడుస్తారా? పేరు లేదు, తేదీ లేదు. అదీ ఉత్తదైతే? ఇంకేమన్నా అయితే?"

అసలు పెన్ను ఒక్కసారే పనిచేస్తుంది. నొక్కి చూద్దామంటే మందు నేలపాలు. ఆ పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. అంబులెన్స్ చప్పుడు ఇంకా వినిపించడంలేదు. చంపబోయిన మనిషి మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. నా బతుకులో ఇంత భయం ఎప్పుడూ ఎరగను.

"అదేనా?" అన్నాను.

"అదే. తమ్ముడి మీద ఒట్టు."

మొత్తానికి ఆవిడ అబద్ధమాడనిది ఆ ఒక్క పేరు మీదే అనిపించింది. చెయ్యి విదిలించుకున్నాను. మూత లాగాను, తొడలో పొడిచాను, అలాగే అదిమి పట్టాను. తీసేసరికి కొసన సూది ఉంది. బట్టమీద రక్తపు బొట్టు.

ముగ్గురం ఆ పిల్ల మొహంలోకే చూస్తున్నాం. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత ఒక్క దగ్గు. ఈలలాంటి చప్పుడు కొంచెం కొంచెంగా వెడల్పయి మామూలు ఊపిరిలోకి దిగింది. నా వేళ్లని పట్టుకుంది. నేను ఏడ్చేశాను, సిగ్గులేకుండా. ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

కింద వీధిలో అంబులెన్స్ ఆగింది.

"ఎందుకమ్మా?" అన్నాడాయన అక్క దగ్గరికి వెళ్లి. ఆవిడని ఇప్పుడు బేడీలతో కాదు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"పిల్లాడప్పుడు జ్వరమొస్తే కూడా నేను పెడితేనే తినేవాడు," అంది. "ఇప్పుడు నేను మంచినీళ్లిస్తే గ్లాసు కడిగావా అంటాడు. నా చేతులు చూసి భయపడతాడండీ. నా చేతులు చూసి."

అప్పుడే బల్లమీద ఆవిడ ఫోన్ మోగింది. తెరమీద ఆ చిరిగిన ఫోటోలోని బుడతడే, నవ్వుతూ. ఆవిడ ఫోన్ ఎత్తింది, వేలు జారింది. స్పీకర్ మీద పడింది.

"అక్కా! వదిలేశారే! అంతా బంతిగాడి వల్లట." కుర్రాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీడంలేదు. "నువ్వేం బెంగపెట్టుకోకు, తెలీక పెట్టావ్, నాకూ తట్టలేదు. ఆ డిటెక్టివ్ గార్ని పెట్టి నన్ను బయటికి తెచ్చింది నువ్వే కదా. ఇవాళ తన దగ్గరికి వెళ్లనులే, రేపు స్నానం చేసి వెళ్తా. ఇవాళ నీ ఇంటికే వస్తున్నా. ఏడాదయింది నీ చేత్తో తిని."

నేలమీద ఆ పిల్ల కళ్లు తెరిచింది. అక్క తన కుడి చేతికేసి చూసుకుంటోంది. వేళ్ల సందుల్లో మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"అక్కా, వినపడుతోందా? ఏం వండావ్?"